ఆఖరి కత్తెర

"ముందుగాల ఆ సూట్‌కేసు మంచం మీదికెల్లి తియ్యి," అన్నది వినోద.

"తియ్య."

"మరి నేనేడ కూసోవాలె?"

"నీ పయిల్వాన్ సారు సోఫాల కూసో. ఆడ మస్తు జాగుంది."

భూమేష్ మడతపెట్టిన చొక్కానే విప్పి మళ్ళీ మడతపెడుతున్నాడు. నిన్న సాయంత్రం నుంచి ఆ సూట్‌కేసులోకి చేరినవి రెండు చొక్కాలు, ఒక లుంగీ. నిజంగా ఇంటికి పోయేవాడు ఇంత తీరుబడిగా సర్దడని వినోదకు తెలుసు. అయినా మూత తెరుచుకున్న సూట్‌కేసు కళ్ళెదుట ఉంటే మనసు ఒకచోట నిలవదు.

బహ్రెయిన్‌లో, జిదాఫ్స్ అనే ఊళ్ళో ఆ విల్లా వెనక గది వాళ్ళది. ముందరి ఇల్లు జపాను సుమో పయిల్వానుది. ఆయన ఫహద్ సారు క్లబ్బులో కుర్రాళ్ళకు పట్లు నేర్పుతాడు. ఆయన కారు నడిపేది భూమేష్, వంట చేసేది వినోద. ఎన్నడూ పొరపొచ్చెం లేదు. నిన్న ఆయన భూమేష్‌ను పిలిచి తన నెత్తిమీది సిగను చూపించాడు. శుక్రవారం పదిమంది ముందు దీన్ని తీయించుకుంటున్నాను, అందరూ తలా కాస్త కత్తిరిస్తారు, ఆఖరి కత్తెర మాత్రం నువ్వే వెయ్యాలి అన్నాడు. భూమేష్ మారుమాట లేకుండా గదికొచ్చి సూట్‌కేసు దించాడు.

"గంత కోపమొచ్చే మాట ఏమన్నడయ్యా ఆయన?"

"నీకు తెల్వదా? నువ్వు మంగలోళ్ళ ఇంట్ల పుట్టలేదా?" ఆ మాట దగ్గర భూమేష్ గొంతు దానంతట అదే తగ్గిపోయింది. ఊరు దాటి, సముద్రం దాటి వచ్చినా ఆ మాట గట్టిగా రాదు అతనికి.

వినోద గడప మీద కూర్చుంది.

"పుట్టెంటికలు తీసేటప్పుడు సూడలేదా?" అన్నాడు. "మేనమామ మొదలు కత్తెరేస్తడు. ఆయనకు కొత్త బట్టలు, ఫోటోలు. మా ఊరి దొరింట్ల మనుమనికి చేసినప్పుడు మా బాపు పొది పట్టుకొని కొట్టం కాడ కూసున్నడు. నేను ఆయన పక్కన. మామల వంతైపోయింది, బాబాయిల వంతైపోయింది. అందరి ముచ్చట తీరినంక, 'అరే భీమన్నా, ఇగ రా, కానియ్యి' అన్నరు. ఆఖరి కత్తెరంటే గది. మిగిలింది గీకేటోడిది. బువ్వ గూడ అందరు లేచినంకనే పెట్టిర్రు."

ఇన్నేళ్ళ కాపురంలో ఈ సంగతి అతని నోట వినడం ఆమెకు ఇదే మొదలు. కత్తెర ముట్టనన్న పట్టుదల తెలుసు. దాని వెనక కొట్టం ఉందని తెలియదు.

"మరి మొన్న సారుకు జ్వరమొస్తే నువ్వే గద జుట్టు దువ్వి ముడేసినవ్?"

"గదే నేను చేసిన తప్పు. ఆయన చేతులు వణుకుతున్నయ్, ముడి జారిపోతున్నది. సూస్తే నా చెయ్యి ఊకోలేదు. గా ముడి సూసి పట్టేసిండు నేనెవన్నో. ఇగ పదిమందిల నిలబెడతడు. అచ్చిబాబు గూడ అస్తుండు రేపు."

అసలు ముల్లు అదీ. అచ్చిబాబు కోనసీమవాడు, మీనా సల్మాన్ రేవులో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతాడు, ప్రతి శుక్రవారం పయిల్వానుకు చేపలు తెచ్చిస్తాడు. భూమేష్ మొదట్లో నువైద్రాత్ లేబర్ క్యాంపులో ఉన్నప్పుడు ఇద్దరివీ పక్కపక్క మంచాలు. ఆ క్యాంపులో కులం తెలిస్తే డ్యూటీ కాగానే తన ముందు తలలు వరస కడతాయని భయపడి, మా బాపుకు మెట్‌పల్లిలో ఫోటో స్టూడియో ఉందని చెప్పుకున్నాడు భూమేష్. ఒక్క అబద్ధంతో ఊరుకున్నా బాగుండేది. అడిగినవాళ్ళకల్లా ఫోటో దిగేటప్పుడు గడ్డం ఎంత ఎత్తాలో కూడా చెప్పేవాడు.

"స్టూడియో అని చెప్పుమని నీకెవలు చెప్పిర్రు?"

"నువ్వు పో. అంట్లు తోముకో పో."

వినోద లేచింది. భర్త మొండితనం మీద కోపమొచ్చింది, కొట్టం దగ్గర కూర్చున్న ఆ పిల్లవాడి మీద జాలి కలిగింది. వాటి నడుమ ఇంకొకటి కూడా పురుగులా తొలుస్తోంది. చెయ్యి తిరిగిన సెలూన్లు బజారు నిండా ఉండగా ఈ పయిల్వాన్ పట్టుబట్టి భూమేష్‌నే ఎందుకు అడిగినట్టు?

వంటింట్లో పయిల్వాన్ ఫ్రిజ్ ముందు నిలబడి ఉన్నాడు. ఆయన నిలబడితే ఫ్రిజ్ కనపడదు. రింగులో ఆయన పేరు ఓకినోమత్సు, సముద్రం నడిమి దేవదారు చెట్టని అర్థమట. వినోద నాలుక తిరగక సారు అంటుంది. ఆయనకూ కాస్త తెలుగు వచ్చు. అదొక తమాషా. వీళ్ళ దగ్గర నేర్చిన మాటలను ఇండియా అంతటి భాష అనుకుని, వీధి చివర మలయాళీ కిరాణా కొట్టుకు వెళ్ళి "జర ఉప్పు ఇయ్యి తమ్మీ" అని అడిగి, వాళ్ళు తెల్లమొహం వేస్తే వీళ్ళకు ఇండియా భాష రాదని ఇంటికొచ్చి చెప్పినవాడు.

"ఇది వద్దు," అన్నాడు మాంసం పొట్లం చూపిస్తూ.

"రేపటి దావతుకు సారు. మేక మాంసం. మంచిగుంటది."

"నాలుగు కాళ్ళు." ఆయన నడుం వంచి, రెండు చేతులూ నేలకు ఆనించి చూపించాడు. "చెయ్యి మట్టి. ఖలాస్." తర్వాత లేచి ఒళ్ళు విరుచుకుని, రెండు కాళ్ళ మీద నిలబడి గుండె తట్టుకున్నాడు. "కోడి. అచ్ఛా."

వినోదకు నవ్వొచ్చింది, ఆపుకుంది. వాళ్ళ ఆటలో అరికాలు తప్ప ఏది నేలకు తగిలినా ఓడినట్టే. అందుకని పెద్ద రోజుకు ముందు చేతులు నేల మీద పెట్టే జంతువును తినరట. ఇంత మనిషి గుప్పెడు మాంసానికి భయపడుతున్నాడు. రేపటి రోజు ఆయనకు అంత పెద్దదన్నమాట. అది తట్టేసరికి ఆమె నవ్వు పోయింది.

"సారు, కూసోండ్రి జర. ఒక మాట అడగాలె."

ఆయన వంటింటి స్టూలు వైపు అనుమానంగా చూసి నేల మీదే కూర్చున్నాడు.

"సిగ ఇన్నేళ్ళు ఎందుకు ఉంచుకున్నరు? ఇప్పుడెందుకు తీస్తున్నరు?"

తెలుగు చాలనిచోట హిందీతో, అదీ చాలనిచోట చేతులతో ఆయన చెప్పుకొచ్చాడు. వాళ్ళది చేపలు పట్టే ఊరు. పదిహేనో ఏట పట్లు నేర్పే గురువు, ఒక పెద్దాయన వచ్చి ఈ పిల్లవాడి నడుము మందం చూసి తనతో తీసుకుపోయాడు. ఆయన ఇంట్లోనే తిండి, ఆయన ఇంట్లోనే నిద్ర. చీకటితో లేచి మట్టిగోదాలో దిగాలి. చిన్నవాళ్ళు వండాలి, పెద్దవాళ్ళు తిన్న తర్వాత మిగిలింది తినాలి. జీతం ఉండదు. పైమెట్టు ఎక్కినవాడికే జీతం, పట్టు గోచీ, సేవకు మనుషులు. ఆ మెట్టు కింద ఉన్నన్నాళ్ళు అందరూ పనివాళ్ళే.

"అందరు తిన్నంక తినుడా? మీరు గూడనా?" అన్నది వినోద.

"నేను కూడా. చాలా సంవత్సరం."

ఒక్క గెలుపుతో పైమెట్టు ఎక్కవలసిన రోజున మోకాలు మడత పడింది. పడిపోతూ ఆపుకోవడానికి చెయ్యి చాచాడు. అరచెయ్యి మట్టికి తగిలింది. లేపడానికి పెద్దాయన చెయ్యి ఇవ్వలేదు, మంచి మాట అనలేదు. "లే" అన్నాడు. ఇరవై ఆరేళ్ళ మనిషి ఆ మాటకు రోషపడి, మర్నాడు ఎవరూ లేవకముందే వెనక తలుపు తీసుకుని పారిపోయాడు. తర్వాత ఓడల్లో చాకిరీ, ఆ ఓడల వెంట బహ్రెయిన్.

పారిపోయినవాడు సిగ తనే కోసి పారేస్తాడట. ఈయనకు చేతులు రాలేదు. సిగ ఉన్నంతకాలం పయిల్వానే, కాని ఆట లేదు. అది తీయించుకుంటేనే మామూలు మనిషి, కాని తీసేవాళ్ళు లేరు. పదేళ్ళుగా అలా మధ్యలో నిలబడిపోయాడు.

"పోయిన నెల ఫోను," అన్నాడు. పెద్దాయన చనిపోయాడని ఆయన భార్య చేసిన ఫోను అది. పోయేముందు ఆయన అడిగింది ఒక్కటే మాటట. "ఆ పిల్లవాడి జుట్టు ఎవరు తీశారు?"

చెప్పి పయిల్వాన్ చేతులు చూసుకున్నాడు. వచ్చేవారం జపాను పోతాడు. తీసిన సిగ ఆవిడ చేతిలో పెట్టాలి.

వినోద కళ్ళు తుడుచుకుంది. అయినా తనకు కావలసిన జవాబు రాలేదు. "సిగ తీసుడు అంటే ఎట్ల చేస్తరు సారు? మాకు సమజైతలేదు."

ఆయన హాల్లోకి వెళ్ళి టీవీలో ఒక సీడీ పెట్టాడు. తన పాత జోడీదారు సిగ తీసిన రోజుదట. నల్లబట్టల పెద్దమనుషులు ఒక్కొక్కరే మట్టి అరుగు ఎక్కుతున్నారు. కూర్చున్న పయిల్వాన్ వెనక నిలబడి, బంగారు కత్తెరతో కాస్త కత్తిరించి, భుజం తట్టి దిగిపోతున్నారు. పక్కనే పట్టుబట్టలాయన కత్తెర అందిస్తున్నాడు.

"ఆడోళ్ళు లేరేంది సారు?"

"మట్టి మీద ఆడవాళ్ళు లేదు."

"అచ్చా. మరి కత్తెరిచ్చే ఆయన మంగలాయననా?"

"కాదు. రెఫరీ."

చివరికి ఒక ముసలాయన వచ్చాడు. అప్పటిదాకా గుసగుసలాడుతున్న సభ నిశ్శబ్దమైంది. ఆయన కూర్చున్నవాడి నెత్తి మీద అరచెయ్యి ఆనించాడు. ఒక్క కత్తెర. సిగ ఆయన చేతిలోకి వచ్చింది. అంతవరకు బండలా ఉన్న పయిల్వాన్ మొహమంతా ముడతలు పడి చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు.

"ఈయననే ఆఖరు. ఈయన మంగలాయననా?"

పయిల్వాన్ తల అడ్డంగా ఊపాడు. మాట కోసం వెతికాడు. భూమేష్ ప్రతి శుక్రవారం మెట్‌పల్లికి ఫోన్ చేసి మొట్టమొదట పలికే మాట ఆయనకు గుర్తొచ్చింది.

"బాపు," అన్నాడు.

వినోద చేతిలోని మసిగుడ్డ జారింది.

"ఆఖరి కత్తెర, బాపు. ఇంకెవరూ కాదు." ఆయన కిటికీలోంచి వెనక గది వైపు చెయ్యి చూపాడు. "నాకు షుగర్. నేను బాత్రూం పడింది. డాక్టర్, ఫహద్, అందరూ అయ్యో అన్నారు. భూమేష్ చెయ్యి ఇవ్వలేదు. లే అన్నాడు. ఖర్జూరం తింటే తిట్టాడు. ఈ ఊళ్ళో నన్ను తిట్టేది ఒక్కడే."

ఆమె వెనక గదిలోకి వెళ్ళేసరికి భూమేష్ అవే చొక్కాల దగ్గర ఉన్నాడు. ఊపిరి తీసుకోకుండా అంతా చెప్పింది.

"బాపు అన్నడా?"

"అన్నడు."

"నువ్వందిచ్చినవా, ఆయనే అన్నడా?"

"ఆయనే అన్నడయ్యా. నా తోడు."

భూమేష్ మంచం అంచున కూర్చుని చేతిలోని చొక్కా మడత విప్పాడు. ఆ మొహంలో ఏముందో వినోద పోల్చుకోలేకపోయింది. సంతోషమే అనుకుంది ముందు. కాని అతను తలెత్తినప్పుడు కళ్ళలో భయం కనిపించింది.

"ఆయన మాట నేను నమ్ముత," అన్నాడు. "నువ్వు నమ్ముతవ్. అచ్చిబాబు కండ్లకు ఏం కనవడ్తది? ముందుగాల పెద్దలు, ఆఖరికి భూమేష్. జపానుల బాపు అయితే అయ్యుండొచ్చు. మన కండ్లకు మాత్రం మంగలోడే. నా చేతిల కత్తెర వడ్డదంటే దాని వాటం అదే చెప్తది. అవుతల క్యాంపుల పొద్దుగూకక ముందే తెలుస్తది."

"తెలిస్తే ఏమైతది?"

"నీకు కాదు, నాకైతది."

తర్వాత భూమేష్ బేరానికి వచ్చినవాడిలా అన్నాడు, "మొదటి కత్తెర ఇయ్యమను. మేనమామ లెక్క. గదైతే ఏస్త. గది నాకు మర్యాద, ఆయనకూ పని అయిపోతది."

"మరి ఆఖరిది?"

"ఎవలనన్న ఏసుకోమను."

మర్నాడు మధ్యాహ్నం నమాజు అయ్యాక వస్తామన్నారు అతిథులు. కోడికూర పొయ్యి మీంచి దించి, చేతులు కడుక్కుని, వినోద హాల్లోకి వెళ్ళింది. పయిల్వాన్ నల్లటి జపాను వస్త్రం కట్టుకుని తివాచీ నడుమ కుర్చీ వేసుకుంటున్నాడు. సిగ ఆయనే వేసుకున్నాడు, కాస్త పక్కకు ఒరిగింది. మిఠాయి వాసన వచ్చే మైనం రాసుకుంటే గది గదంతా అదే వాసన.

భర్త మాట చెప్పింది. ఎలా చెప్పినా ఆ మాట పుల్లలా గుచ్చుకునేలాగే ఉంది. ఆయన విన్నాడు. కోప్పడితే బాగుండునని వినోదకు అనిపించింది. ఆయన కోప్పడలేదు.

"మొదటిది చుట్టాలది," అన్నాడు చివరకు. "అచ్ఛా. ఇస్తాను."

"ఆఖరిది ఎవలు సారు?"

ఆయన బల్ల మీది కత్తెర తీసుకుని తిప్పి చూశాడు. మొనలు తన వైపు పెట్టుకుని, పిడి ఆమె వైపు తిప్పాడు.

"నేనా? ఆడోళ్ళు మట్టి మీద ఎక్కద్దంటిరి గద?"

ఆయన కాళ్ళ కింది తివాచీని చూసి, "ఇక్కడ మట్టి లేదు," అన్నాడు.

అంతలో గేటు దగ్గర హారన్ మోగింది.

ఫహద్ వచ్చాడు, క్లబ్బు కుర్రాళ్ళు వచ్చారు. జిదాఫ్స్ బజారులో దుకాణమున్న హైదరాబాదు టైలర్ బాఖర్ వచ్చాడు. ఈ దేశంలో పయిల్వాన్ ఒంటికి పట్టే చొక్కా కుట్టగలిగినవాడు ఆయనొక్కడే. చేపల సంచీతో అచ్చిబాబు వచ్చి, చెప్పులు విప్పి, "ఏంటన్నా, మీ సారుకి ఇవాళ పుట్టెంట్రుకలా?" అని నవ్వాడు. భూమేష్ నవ్వలేదు.

మొదట భూమేష్‌ను పిలిచారు. వినోద వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తోంది. అతను కత్తెర అందుకున్నాడు. గడ్డపార పట్టినట్టు పిడికిలి బిగించి పట్టుకున్నాడు. భీమన్న కొడుకు, నడక రాకముందే కత్తెర చప్పుడు విన్నవాడు, కత్తెర పట్టడం రానివాడిలా నటిస్తున్నాడు. నాలుగు వెంట్రుకలు కత్తిరించి, పయిల్వాన్ మొహం చూడకుండా వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు.

"మా భూమేషన్నకి కెమెరా తప్ప ఏదీ పట్టుకోవడం రాదండి," అన్నాడు అచ్చిబాబు, బాఖర్ చెవిలో.

తర్వాత ఒక్కొక్కరే వచ్చారు. పయిల్వాన్ కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. సిగ మొదలు దగ్గర గంట్లు పడ్డాయి కాని అది ఇంకా నిలిచే ఉంది. కత్తెర వినోద చేతికొచ్చింది.

ఆమె ఆయన వెనక నిలబడింది. కొంగు నడుముకు దోపుకుంది. మైనం రాసిన జుట్టు జిగురుగా, తాడులా మందంగా ఉంది. ఒకసారి నొక్కింది. కత్తెర జారింది. మళ్ళీ నొక్కితే అంచు మెడ వైపు తిరిగింది. ఎవరో "ఉస్‌" అన్నారు. పయిల్వాన్ కదల్లేదు. కళ్ళలో నీళ్ళు నిండి సిగ ఎక్కడుందో కూడా తెలియడం లేదు.

"అట్ల గాదు."

గోడ దగ్గరి నుంచి వచ్చింది ఆ మాట. భూమేష్ రెండు అంగల్లో ఆమె పక్కకు వచ్చేశాడు.

"బొటనవేలు గంత లోపటికి పోనియ్యకు. కొనకే పెట్టు. కింది అంచు కదలద్దు, పై అంచే ఆడాలె. ముందుగాల తల వంచాలె, గిట్ల." అంటూనే అతని ఎడమ అరచెయ్యి పయిల్వాన్ నెత్తి మీద ఆనింది. ఆ పెద్ద తల ఆ చేతి కింద మెల్లగా వంగింది. మూసిన కళ్ళలోంచి నీళ్ళు కారి నల్లటి వస్త్రం మీద పడ్డాయి.

సీడీలో ముసలాయన చెయ్యి సరిగ్గా అక్కడే ఉందని వినోదకు గుర్తొచ్చింది. ఆమె ఏం మాట్లాడకుండా కత్తెర పిడి భర్త వైపు తిప్పింది.

అచ్చిబాబు చేపల సంచీ పట్టుకుని ఒక అడుగు ముందుకొచ్చి మెడ సాచి చూశాడు. అతని గొంతులో ఎగతాళి లేదు, వట్టి ఆశ్చర్యమే.

"భూమేషన్నా, ఇవన్నీ నీకెలా తెల్సు?"

భూమేష్ వెనక్కి తిరగలేదు. కత్తెర అందుకోలేదు. పయిల్వాన్ నెత్తి మీది చెయ్యి మాత్రం తియ్యలేదు.